రెండొందల పద్దెనిమిదో లైను

చంద్రావతి టీచర్ ఎర్రసిరాతో కొట్టేసిన మాటలను జనని ఒక్కొక్కటిగా కంప్యూటర్లో మారుస్తూ కూర్చుంది. తను పిలకాయలు అని రాసినచోట పిల్లలు. యాడ అన్నచోట ఎక్కడ. వచ్చినాడు అన్నచోట వచ్చాడు. కాగితం మీద ఎడమచేతి వేలు ఆనించి, కుడిచేత్తో ఒక్కో అక్షరమూ వెతుక్కుని కొట్టాలి. వేలు జారితే లైను తప్పుతుంది. లైను తప్పితే బొమ్మలో తల్లి అన్న మాట కూతురి మొహం కింద పడుతుంది. అందుకని పది లైన్లకొకసారి ఆగి, మళ్ళీ వెనక్కి పోయి, నంబర్లు సరిచూసుకుంటుంది. గోపాలన్ నవ్వుతాడు.

"ఎన్నిసార్లు చూస్తావు జననీ? అది యాడికీ పోదులే."

"పోతుందన్నా. నిన్న ఒకటి పొయ్యింది."

తిరువళ్ళూరు బస్టాండు వెనక సందులో గోపాలన్ జిరాక్స్ షాపు. ఆధార్ కార్డులు, పట్టా కాగితాలు, పెళ్ళిపత్రికలు ఎప్పుడూ ఉండే పని. ఈ జపాను పని మాత్రం రెండు నెలల కింద కొత్తగా వచ్చింది. చెన్నైలో ఒక కంపెనీ జపాను బొమ్మల సినిమాలను డిస్కుల్లో వేసి అమ్ముతుంది. మాటలు జపాను భాషలోనే వినబడతాయి, కింద తమిళంలోనో తెలుగులోనో అక్షరాలు పడతాయి. తమిళం చెన్నైలోనే అయిపోయింది. తెలుగుకు మనుషులు కావాలంటే, తిరువళ్ళూరు జిల్లా నిండా తెలుగువాళ్ళే కదా అని ఎవరో గోపాలన్ పేరు చెప్పారు. గోపాలన్ ఇంట్లోనూ తెలుగే. కానీ అక్షరం ఒక్కటి రాదు. షాపులో ఉన్న నలుగురిలో తెలుగు చదవడం, రాయడం వచ్చింది జననికే. తిరుత్తణి పక్క ఊరి తెలుగు బడిలో తొమ్మిది దాకా చదివింది. పదిలోకి పోకముందే బడి మానిపించారు.

పని చూడటానికి సులభమే. కాగితం మీద నాలుగు గడులు: నంబరు, టైము, తమిళం, ఖాళీ. ఆ ఖాళీలో తెలుగు రాయాలి. జనని రాసిందాన్ని ప్రింటు తీసి తిరుత్తణిలో చంద్రావతి టీచరుకు పంపాలి. ఆవిడ ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ సరిచేసి సంతకం పెడితేనే కంపెనీ తీసుకుంటుంది.

సినిమా ఒక్కటే, గంటా పది నిమిషాలు. సముద్రం పక్కన మంచు కురిసే ఊరు. చియో అని ఆరేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ సముద్రపు నాచును ఎండబెట్టి, కట్టలు కట్టి, వీపున మోసుకుని గుట్ట మీది ఊళ్ళకు తీసుకుపోయి అమ్ముతుంది. పిల్ల వెంట నడుస్తుంది. అంతే. కత్తులు లేవు, దయ్యాలు లేవు. జనని దాన్ని పదకొండుసార్లు చూసింది. మొదటిసారి పిల్ల మంచులో జారిపడినప్పుడు, ఆ తల్లి వెనక్కి తిరిగి చూసేదాకా జననికి ఊపిరాడలేదు. పదకొండోసారి కూడా ఆడలేదు.

ఈ సినిమా మాట రాకుండా గట్టెక్కితే ఇంకో పన్నెండు సినిమాలు పంపుతామని కంపెనీలో శశికళ మేడమ్ గోపాలన్‌కు చెప్పింది. అవి వస్తే, మూలన పడున్న పాత కంప్యూటర్ ఇంటికి తీసుకుపోయి అక్కడే చేసుకోమన్నాడు గోపాలన్. ఆ మాట విన్నప్పటినుంచీ జనని బుర్రలో అదే. జూన్‌లో కూతురు తనుశ్రీని యూకేజీలో వేయాలి. బడి పన్నెండున్నరకు వదులుతారు. అత్త కుప్పమ్మ చేలోంచి వచ్చేసరికి మూడు దాటుతుంది. ఆ రెండున్నర గంటలు నాలుగేళ్ళ పిల్ల ఎక్కడుంటుంది? తమ ఊరు పాండూరులో వీధి పక్కనే మూతలేని మోటారు గుంత. కంప్యూటర్ ఇంటికొస్తే ఆ భయం ఉండదు. ఏ గదిలో పెట్టాలో, ఏ ప్లగ్గు పిల్లకు అందదో కూడా జనని చూసిపెట్టుకుంది. కిటికీ దగ్గరి ప్లగ్గులో అప్పుడప్పుడు మెరుపు వస్తుంది. దానికి బట్ట కట్టింది.

నాలుగొందల పన్నెండో లైను అయ్యాక, చివర్లో పేర్లు వేసే గడి వచ్చింది. దానికెదురుగా టీచర్ ఎర్రసిరాతో గుండ్రటి అక్షరాల్లో రాసిపెట్టింది: తెలుగు - చంద్రావతి.

జనని వేలు అక్కడ ఆగింది.

"అన్నా, ఈడ టీచర్ పేరొకటే వెయ్యాల్నా?"

గోపాలన్ జిరాక్స్ మెషిన్ మూత దించి వచ్చి చూశాడు, చదవడం వచ్చినట్టే. "ఆమె పేరేనా? వెయ్యి. ఆమె సంతకం ఉంటేనే గదమ్మా కంపెనీ తీసుకునేది. నీ పేరు పెడితే ఏం చదివిందని అడుగుతారు. ఏం చెప్పేది నేను? తొమ్మిదని చెప్పేదా?"

తొమ్మిది పాసైనట్టు కూడా కాగితం లేదు. జనని ఆ పేరు కొట్టింది. 'చం' తర్వాత వచ్చిన 'ద'కు రకారం సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకుని, ఫైలు పంపించింది.

శుక్రవారం కొరియర్లో నమూనా డిస్కు వచ్చింది. సోమవారం మూడు గంటల్లోపు చూసి సరేనంటే ప్రెస్సుకు పోతుంది, పోయాక మార్చడానికి ఉండదు అని శశికళ మేడమ్ తమిళంలో గట్టిగా చెప్పింది. "ఇంట్లో టీవీలో వేసి చూడు, అక్షరాలు తెగిపోకుండా ఉంటే చాలు," అన్నాడు గోపాలన్.

ఆదివారం మధ్యాహ్నం తిండ్లయ్యాక జనని డిస్కును ముందు కొంగుతో, తర్వాత తనుశ్రీ పాత లంగాతో తుడిచి ప్లేయర్లో పెట్టింది. భర్త విమల్ ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నాడు. నేల మీద చాప పరిచి అత్త కుప్పమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. తోడికోడలు దీపిక తనుశ్రీని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. దీపికది నెల్లూరు దగ్గరి గూడూరు. మరిది పెళ్ళి చేసుకుని తెచ్చి మూడు నెలలయింది. డిగ్రీ దాకా తెలుగే చదువుకున్న పిల్ల. తమిళం ఇంకా పలకదు. కూరగాయల బండివాడితో వేళ్ళు చూపించి మాట్లాడుతుంది.

"యక్కా, నువ్వు రాసిందేనా ఇది? టీవీలో పడతందా?" దీపిక కళ్ళు పెద్దవి చేసింది.

"టీచర్ సరిచేసింది."

"ఏందో యక్కా, నాకు చదవటానికి ఒక సినిమా దొరికింది ఈ ఊళ్ళో."

సినిమా మొదలైంది. తనుశ్రీకి చదవడం రాదు కాబట్టి కింద పడే మాటల్ని దీపిక గొంతు మార్చి మార్చి చదవసాగింది, తల్లికి ఒక గొంతు, పిల్లకు ఒక గొంతు. తన మాటలు ఇంకొకరి నోట వినడం జననికి ఎలాగో ఉంది. చీర అంచును వేలికి చుట్టి విప్పుతూ, అక్షరాలు అంచుల్లో తెగుతున్నాయేమో చూస్తూ కూర్చుంది.

"ఇందాకటినుంచీ నడస్తానే ఉండారు," అంది కుప్పమ్మ. "ఊరు రాలేదా ఇంకా?"

"గుట్టెక్కాల గదత్తా."

"ఆ బిడ్డకి చెప్పులు సరిగా లేవు సూడు. అంత పెద్ద బూట్సులేసి నడిపిస్తా ఉండాది. వాళ్ళ నాయిన యాడ పొయ్యినాడో!"

తెర మీద గుట్ట దారి. తల్లి ముందు నడుస్తోంది, వీపున నాచు కట్ట. పిల్ల చాలా వెనకపడింది. పెద్ద బూట్లలో కాళ్ళు ఈడుస్తూ, పరిగెత్తబోయి, పడబోయి, 'అమ్మా, వస్తున్నా' అని అరుస్తోంది. తల్లి ఆగింది. కట్ట దించకుండానే వెనక్కి తిరిగింది. ఏదో అంది. కింద అక్షరాలు పడ్డాయి.

దీపిక తల్లి గొంతుతో చదివింది. "అవసరం లేదు. మెల్లగా రా."

చదివి ఆగిపోయింది.

"యక్కా, ఈడ ఏదో తప్పు పడింది."

జనని తెర దగ్గరికి జరిగింది. "ఏం తప్పు? అక్షరం పొయ్యిందా?"

"అక్షరం కాదు. వాళ్ళమ్మ అట్టంటందేంది? పాప వస్తానంటే అవసరం లేదంటందేంది?"

"అవును. అవసరం లేదు, మెల్లగా రమ్మంటా ఉండాది."

"అదే యక్కా! వద్దనా, రమ్మనా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జనని రిమోట్ తీసుకుని బొమ్మ ఆపింది. తెర మీద తల్లి వెనక్కి తిరిగి నిలబడి ఉంది, జుట్టు మీద మంచు.

"అవసరపడి పరిగెత్తొద్దు, పడిపోతావు అని చెప్తా ఉండాది," అంది జనని మెల్లగా.

దీపికకు ఒక్క నిమిషం పట్టింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తొందరా? మీరు తొందరని అవసరం అంటారా?"

"తొందరంటే ఇబ్బంది గదా. తొందర చెయ్యొద్దు అని బిడ్డని అంటాం, అల్లరి చేస్తే."

"అయ్యో దేవుడా," అంది దీపిక. నవ్వు ఆపుకోలేక తనుశ్రీ జుట్టులో మొహం దాచుకుంది. మొహం ఎత్తినప్పుడు నవ్వులేదు. "అత్తమ్మా, ఒకటి చెప్తా, ఏమనుకోబాకండి. నేనొచ్చిన రెండో రోజు అందరం గుడికి పోదామంటిరే. నేను లోపల కమ్మలు పెట్టుకుంటా ఉండా. మీరు బయటినుంచి ఏమన్నారో గుర్తుందా?"

"ఏమన్నా?"

"'నీకేం అవసరం లేదమ్మా, మెల్లగా రా' అన్నారు. నేను బాత్రూంలో కూర్చొని ఏడిచినా. ఈ ఇంట్లో నేను అవసరం లేదంట, అందరూ పోయినాక మెల్లగా రమ్మన్నారు అని."

కుప్పమ్మ కాళ్ళు ముడుచుకుంది. "అందుకా ఆ పొద్దు ముక్కు ఎర్రంగా జేసుకొని వచ్చినావు? జలుబు పట్టిందని నేను మిరియాల రసం పెడితి గదమ్మే!"

"తాగినాను గదత్తా."

"మూడు మాసాలు చెప్పకుండా ఉండావే!" కుప్పమ్మ చెయ్యి చాచి దీపిక మోకాలి మీద ఒకటి వేసింది, గట్టిగా కాదు. "ఇంగ ఏమేం మాటలకి ఏడిచినావో చెప్పు, అన్నీ ఒకేతూరి విని సస్తా."

వాళ్ళు నవ్వుకుంటున్నారు. తనుశ్రీ బొమ్మ నడిపించమని రిమోట్ లాగుతోంది. జనని మాత్రం ఆ రెండు మాటల్నే చూస్తోంది. ఈ ఇంట్లో అవి ఎవరినీ నొప్పించవు. రోజుకు పదిసార్లు అనుకునే మాట. తనుశ్రీ పళ్ళెం ముందు గబగబా మింగుతుంటే తనే అంటుంది, ఏం అవసరం, మెల్లగా తిను అని. కానీ ఈ డిస్కు పోయేది ఈ ఇంటికి కాదు. కడపలోనో గుంటూరులోనో ఒక పిల్ల, కూడబలుక్కుని చదువుకునే వయసు పిల్ల, చాప మీద కూర్చుని చదువుతుంది. మంచులో పడుతూ లేస్తూ వస్తున్న బిడ్డకు కన్నతల్లి చెబుతుంది, నువ్వు అవసరం లేదని.

ఆ తర్వాత సినిమా అయిందాకా జనని ఏమీ చూడలేదు.

సోమవారం పొద్దున షాపు తెరిచేసరికి ఆమె మెట్ల మీద నిలబడి ఉంది. విషయం విని గోపాలన్ తాళంచెవి వేలికి తిప్పుకున్నాడు.

"నాకూ అవసరం అంటే అవసరమే," అన్నాడు. "బాగానే ఉండాదే."

"మనకి బాగానే ఉంటాదన్నా. ఆంధ్రాలో అది వేరే."

"నాలుగొందల లైన్లలో ఒక్క లైను. రెండు సెకన్లు ఉంటాదా అది? ఎవురు చూస్తారు?"

"దీపిక చూసింది."

"ఆమెని సినిమా చూడొద్దని చెప్పు." తన మాటకు తనే నవ్వి, వెంటనే ఆపేశాడు. "జననీ, నేను చెప్పేది విను. నువ్వు ఫోన్ చేసి తప్పుండాదని చెప్పినావనుకో. ఆ శశికళ ఏమనుకుంటాది? వీళ్ళకి తెలుగే రాదురా అనుకుంటాది. పన్నెండు సినిమా పడాలూ హైదరాబాద్‌కి పోతాయి. కంప్యూటర్ ఇంటికి తీసకపోయి బిడ్డని చూసుకుంటానంటివే. అంతా పోతుంది. నీ ఇష్టం మల్ల."

జనని సంచీలో చెయ్యి పెట్టి నీళ్ళసీసా మూత బిగించింది. అది బిగించే ఉంది. "టీచర్‌ని ఒక మాట అడిగి వస్తానన్నా. ఆమె సరేనంటే సరే."

"ఫోన్‌లో అడుగు."

"ఫోన్‌లో ఆమెకి వినబడదు."

అది సగమే నిజం. పని అయ్యాక టీచరుకు తిరిగి పంపేసిన ఎర్రసిరా కాగితాలను ఇంకోసారి కళ్ళతో చూస్తే తప్ప ఎవరు ఎక్కడ తప్పు చేశారో తేలదు. రాసిన చెయ్యి తనదే. అయినా ఆవిడ ఎర్రపెన్ను ఆ లైను మీదుగా పోయింది కదా.

తిరుత్తణి రైల్లో జనం లేరు. అరక్కోణం దాటేదాకా జనని మనసులోనే టీచరుతో మాట్లాడుతూ ఉంది. 'టీచర్, ఒక తప్పు చేసినా.' కాదు. 'టీచర్, మనం ఒకటి చూసుకోలేదు.' అది ఇంకా తప్పు, ఆవిడను కలిపినట్టు. చిన్నప్పుడు బడిలో ఒత్తులు మరిచిపోయినప్పుడు బల్ల మీద అరచెయ్యి చాచి నిలబడేది. కిటికీ పక్కన ఇప్పుడు కూడా అరచెయ్యి ఒళ్ళో తెరిచే ఉంది. చూసుకుని మూసుకుంది. రెండుసార్లు అత్తకు ఫోన్ చేసి తనుశ్రీ మోటారు గుంత వైపు పోలేదు కదా అని అడిగింది. రెండోసారి కుప్పమ్మ, "నా ముంగటే ఉండాది, ఫోన్ పెట్టి నీ పని జూడు," అంది.

చంద్రావతి టీచర్ ఇల్లు కొండకు పోయే ఆటోల రోడ్డు మీద. ముందు వసారాలో చేటలో అలసందలు పోసుకుని ఒలుస్తోంది. జననిని చూసి కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఏమే, డిస్కు వచ్చిందా? నా పేరు సరిగ్గా పడిందా?"

"పడింది టీచర్."

"కూర్చో. మజ్జిగ తాగుతావా?"

"టీచర్, ఆ కాగితాలు ఒకసారి చూడాల."

టీచర్ లోపలికి పోయి కాగితాల కట్ట తెచ్చింది, దారం కట్టి, పైన తారీఖు రాసి. జనని పేజీలు తిప్పింది. రెండొందల పద్దెనిమిది. తమిళం గడిలో: అవసరం ఇల్లై, మెదువా వా. దాని పక్క గడిలో తన అక్షరాలు: అవసరం లేదు. మెల్లగా రా. నేను ఉండాను. చివరి రెండు మాటల మీద ఎర్రగీత, పక్కన చిన్నక్షరాల్లో 'అనవసరం, లైను పెద్దది' అని.

జనని ఆ కాగితం టీచర్ ముందు పెట్టింది. "ఈ లైను చదవండి టీచర్."

టీచర్ చదివింది. "ఊఁ. బాగానే ఉందే. ఏమైంది?"

"ఇంకోసారి చదవండి."

"నాకే పాఠం చెప్తావా?" అంటూనే చదివింది, ఈసారి పెదవులు కదుపుతూ. "అవసరం లేదు. మెల్లగా రా. తప్పేముంది ఇందులో? పిల్ల పరిగెత్తి వస్తోంది. అవసరం లేదు, మెల్లగా..." ఆగింది.

అలసందకాయ ఒకటి ఆవిడ వేళ్ళ మధ్య సగం విచ్చుకుని ఉంది. గింజలు చేటలో పడలేదు. రోడ్డు మీద ఆటో ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"నా తోడికోడలు. గూడూరు పిల్ల."

"గూడూరా." టీచర్ కాయను చేటలో పడేసింది. "నాది నెల్లూరు. తెలుసా నీకు? ముప్పై ఏడేళ్ళు ఈ ఊరొచ్చి. ఈ పదం ఎక్కడ పట్టుకుందో! రేషన్ షాపులో అవసరం, బస్సులో అవసరం, ఆస్పత్రిలో అవసరం..." ఎర్రపెన్ను తీసి, మూత తీయకుండానే మళ్ళీ పక్కన పెట్టింది. "చూడలేదే. కళ్ళతో చూసి కూడా చూడలేదే."

జనని రైల్లో కూర్చి పెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు.

కాసేపటికి టీచర్ గొంతు మారింది, పిల్లలకు డిక్టేషన్ చెప్పే గొంతు. "సరే. తప్పు తప్పే. కంపెనీకి ఫోన్ చేసి చెప్పు. నా టైపింగులో తప్పు పోయింది, టీచర్ సరిగ్గానే రాశారు, నేను చూసుకోలేదు అని చెప్పు. నువ్వు చిన్నదానివి. టైపింగు తప్పంటే ఎవరూ ఏమీ అనరు. నా పేరు పడుతోంది చూడు దానిమీద. నాకిప్పుడు..."

మిగతాది చెప్పకుండా చేటను దగ్గరికి లాక్కుంది.

టైపింగు తప్పు అంటే ఎవరూ ఏమీ అనరు. పన్నెండు సినిమాలు మాత్రం రావు. జనని కాగితం వైపు చూసింది. తన మాట, దాని పక్కన ఎర్రగీత. తను రాసింది తప్పు. 'నేను ఉండాను' అని కూడా రాసింది. ఆ మాట ఉండి ఉంటే, గుంటూరు పిల్ల కొంచెమైనా తెలుసుకునేదేమో. అది కొట్టేసింది ఆవిడ.

"టీచర్," అంది. మళ్ళీ గట్టిగా అంది. "టీచర్, ఈ అవసరం నాది. ఈ ఎర్రగీత మీది. టైపింగు తప్పు అని నేను చెప్పను."

టీచర్ తల ఎత్తింది.

"మీరు తిట్టినా సరే," అని జనని సంచీలోంచి ఫోన్ తీసింది. నంబరు రెండుసార్లు తప్పింది.

"ఎవరు?" అంది శశికళ మేడమ్ తమిళంలో.

"జననిని మేడమ్. తిరువళ్ళూరు నుంచి."

"ఏ జనని?"

రెండు నెలలుగా పని చేస్తోంది. ఫైళ్ళన్నీ గోపాలన్ పేరు మీదే పోయాయి. "జపాను పడానికి తెలుగు రాసినది నేనే మేడమ్," అంది. అప్పుడు చెప్పింది, రెండొందల పద్దెనిమిదో లైను సంగతి. అవతలినుంచి నవ్వు వినబడింది.

"అవసరం అంటే అవసరమే కదమ్మా?"

"తమిళంలో మేడమ్. తెలుగులో అది 'తేవై'," అంది జనని, అక్కరకు తమిళ మాట వాడి. "తేవై లేదు అని తల్లి చెప్పినట్టు పడింది."

నవ్వు ఆగింది. అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు. "ఆ గుట్ట సీనా? తల్లి తిరిగి చూసేది?"

"అవును మేడమ్."

"అయ్యయ్యో." ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు. "మార్పించాలంటే నేను కారణం రాయాలి. ఎవరి తప్పు అని రాయాలి. నా లిస్టులో చంద్రావతి అని ఒక్క పేరే ఉంది. ఆవిడ తప్పేనా?"

టీచర్ వేళ్ళు చేటలో కదలడం లేదు. ఫోన్లో మాట ఆవిడకు వినబడదు. జనని మొహం చూస్తోంది, అంతే.

"ఇద్దరిదీ మేడమ్," అంది జనని. "నేను రాసినా, టీచర్ చూసినారు. ఇద్దరికీ తెలియలేదు. తప్పు ఇద్దరి పేరు మీదా రాయండి." ఇక్కడ ఆగాలి అనుకుంది. ఆగలేదు. "డిస్కు మీద కూడా ఇద్దరి పేరూ వెయ్యండి."

జనని ఫోన్ చెవినుంచి తీసి చూసింది, కట్ అయిందేమోనని. సెకన్లు తిరుగుతూనే ఉన్నాయి.

"సరే, లైను ఎలాగూ తెరవాలి, పేర్లూ తెరుస్తా," అంది మేడమ్ చివరికి. "రెండూ తెలుగులో కొట్టి పంపు. నాకు ఆ అక్షరాలు రావు. ఇంకొకటి. మీకు తెలియకుండా ఒకటి పోయిందంటే, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో? ప్రెస్సుకు అయిదు దాకా ఆగమంటా. మొత్తం మళ్ళీ చూసి, ఇద్దరూ సరే అని చెప్పండి."

"మేడమ్, తర్వాతి పన్నెండు పడాలు..."

"అది నేను పైన అడగాలమ్మా. ఇప్పుడేమీ చెప్పలేను. ఇది పైకి తెలిశాక ఏమంటారో!"

"సరి మేడమ్."

ఫోన్ పెట్టేశాక జనని వసారా స్తంభానికి ఆనుకుని నిలబడి, మేడమ్ అన్నదంతా టీచరుకు గట్టిగా చెప్పింది, పేర్ల సంగతి కూడా, దాచకుండా. చెప్పి, ఫోన్లో లైను కొట్టింది. అవసరం తీసేసి దీపిక చెప్పిన మాట పెట్టింది: తొందరేం లేదు. మెల్లగా రా. చదివితే తన చెవికి ఇప్పటికీ 'ఇబ్బందేం లేదు' అన్నట్టే ఉంది. అయినా అదే పంపింది. దాని కింద చంద్రావతి అని కొట్టి, పక్కన తన పేరు కొట్టింది. రేషన్ కార్డు, ఆధార్, ఆస్పత్రి చీటీ, అన్నీ తమిళంలోనే. తెలుగులో తన పేరు రాసి ఎన్నేళ్ళయిందో. దాన్నీ ఎర్రసిరాతో కొట్టేయడానికి ఎవరైనా వస్తారేమో అన్నట్టు ఒకసారి టీచర్ వైపు చూసి, పంపించేసింది.

టీచర్ లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. జనని సంచీ భుజానికి వేసుకోవాలా, ఉండాలా తేల్చుకోలేక నిలబడింది. ఆవిడ వచ్చేటప్పుడు చేతిలో రెండు మజ్జిగ గ్లాసులు.

"నిలబడితే నాలుగొందల లైన్లు అవుతాయా? కూర్చో," అంది. "నువ్వు పైకి చదువు. నా చెవికి తప్పు తగిలినచోట ఆపుతా."

జనని కింద కూర్చుని మొదటి పేజీ తీసి చదవడం మొదలుపెట్టింది. మధ్యలో గోపాలన్ ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. టీచర్ అలసందలు ఒలుస్తూ వింటోంది. పదిహేను లైన్లు, ఇరవై లైన్లు. ఒకచోట ఒలుపు ఆగింది.

"ఉండు. అది మళ్ళీ చదువు."

"ముప్పై నాలుగు. శీఘ్రంగా రా, చీకటి పడుతుంది."

"శీఘ్రం." టీచర్ ఆ మాటను నోట్లో నలిపి చూసింది. "పిల్లల్ని పిలిచేటప్పుడు ఎవరే శీఘ్రంగా అంటారు? నెల్లూర్లో అనరు. పుస్తకాల్లో ఉంటుంది. కానీ నాకు పుస్తకంలోంచి రాలేదు అది. సీక్రం వా, సీక్రం వా అని ఈ రోడ్డంతా అరుస్తారే పొద్దస్తమానం, అందులోంచి వచ్చింది. దానికి మంచి బట్టలేసి నేనే కూర్చోబెట్టా," అంది.

జనని కాగితం మీది నుంచి తల ఎత్తలేదు. శీఘ్రంగా అన్న మాట ఎర్రసిరాలో ఉంది.

"దాని కింద నీది ఏముంది? కొట్టేసిందాంట్లో?"

"బిన్నా రా."

"బిన్నే రా అనేది మా అమ్మ." టీచర్ మజ్జిగ తాగింది. తాగి, ఎర్రపెన్ను తీసుకుని మూత తీసింది. కాగితం వైపు వంగబోయి ఆగి, పెన్ను జనని చేతిలో పెట్టింది.

"కొట్టెయ్యి."

"టీచర్, ఇది మీరు రాసిన..."

"తెలుసే. కొట్టెయ్యి. అయిదు దాకానే టైము."

జనని శీఘ్రంగా అన్న మాటను కొట్టేసింది. గీత వంకరగా పోయింది. అయినా మాట మొత్తం మీదుగా పడింది. తర్వాత ముప్పై అయిదో లైను చదివింది.